నాన్నగారు ఆసుపత్రిలో జారిపడ్డారు, అమ్మ ఆపరేషన్‌కి ఎంత డబ్బు దగ్గర పెట్టుకోవాలి?

ప్రశ్న: మాది గాజువాక. ఆటోనగర్‌లో చిన్న ఫ్యాబ్రికేషన్ షెడ్డు ఉంది. కిందటేడు నాన్నగారికి (76) న్యుమోనియా వస్తే విశాఖలోనే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చాం. మూడో రాత్రి ఒక్కరే బాత్రూంకి వెళ్లబోయి జారిపడ్డారు, తుంటి ఎముక విరిగింది. ఆ ఆపరేషన్‌తో కలిపి బిల్లు 4.20 లక్షలైంది. 5 లక్షల పాలసీ ఉన్నా 2.50 లక్షలే వచ్చాయి. పాలసీలో గది అద్దె పరిమితి రోజుకు 5,000, మేం తీసుకున్న గది 8,000. వచ్చే నెల అమ్మకి (71) మోకాలి మార్పిడి ఆపరేషన్. మళ్లీ అలాంటిది జరిగితే ఎలాగన్న టెన్షన్‌తో 6 లక్షల ఎఫ్‌డీ తీసేద్దామనుకుంటున్నాను, దానికి ఇంకా ఎనిమిది నెలల గడువుంది. రాత్రి అటెండెంట్‌కి షిఫ్టుకు 900 అడుగుతున్నారు, దండగేమో అనిపిస్తోంది. ఆసుపత్రి మీద కేసు వేస్తే డబ్బు వస్తుందా?

జవాబు: ఎఫ్‌డీ తీయకండి. అటెండెంట్‌ని మాత్రం తప్పకుండా పెట్టండి. మీ ఉత్తరంలో దండగ అని రాసిన ఖర్చు ఒక్కటే నాకు అసలైన పొదుపులా కనిపించింది.

మీ పాలసీ పత్రం చివరి పేజీలు తీయండి. బీమా కంపెనీ డబ్బివ్వని వస్తువుల జాబితా ఒకటి ఉంటుంది. అటెండెంట్ చార్జీలు, ప్రైవేటు నర్సు, డైపర్లు, బెడ్‌పాన్, యూరిన్ జగ్గు, వాకర్ అన్నీ అందులోనే ఉంటాయి. అంటే మనిషి పడి తుంటి విరిగితే లక్షల ఆపరేషన్‌కి కంపెనీ ఇస్తుంది. పడకుండా ఆపే వందల ఖర్చుకి మాత్రం పైసా ఇవ్వదు. ఎవరు రాశారో గానీ ఆ జాబితా చదివినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. కాబట్టి అమ్మ ఆపరేషన్‌కి మీరు చేతిలో ఉంచుకోవాల్సిన నగదు ప్రధానంగా ఈ చిన్న ఖర్చులకే. పెద్ద ఖర్చు చూసుకోవడానికి పాలసీ ఉంది.

ముందు నాన్నగారి బిల్లు సంగతి చూద్దాం, అందులో మీకు రావాల్సింది ఇంకా ఉందని నా అనుమానం. 4.20 లక్షల్లో 20 వేలు బీమా వర్తించనివనుకుంటే మిగిలిన 4 లక్షల్లో సరిగ్గా ఎనిమిదింట అయిదు వంతులు (8,000 గదికి 5,000 పరిమితి లెక్కన) ఇచ్చారు. గది అద్దె పరిమితి దాటినందుకు మొత్తం బిల్లుని అదే నిష్పత్తిలో కోసేశారన్నమాట. కానీ 2020 నుంచి పాలసీల్లో ఉన్న నిబంధన ప్రకారం మందులు, కన్స్యూమబుల్స్ (వాడి పారేసే సామగ్రి), ఇంప్లాంటు (ఒంట్లో అమర్చే కృత్రిమ భాగం), స్కాన్లు, పరీక్షల ఖర్చుని అలా కోయకూడదు. గది అద్దె, సర్జన్ ఫీజు, నర్సింగ్ లాంటి వాటికే ఆ కోత. నిబంధనల్లో 'అసోసియేటెడ్ మెడికల్ ఎక్స్‌పెన్సెస్' (గదితో ముడిపడిన వైద్య ఖర్చులు) అనే నిర్వచనం చూడండి. తుంటి ఆపరేషన్‌లో ఇంప్లాంటు, మందులు, పరీక్షలు కలిపి 1.60 లక్షలుంటే అందులో 60 వేలు అన్యాయంగా పోయినట్టే. విడివిడిగా వివరాలున్న బిల్లు జతచేసి కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాయండి. నెల దాటినా జవాబు రాకపోయినా, కాదన్నా, ఏడాదిలోపు హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్ (బీమా ఫిర్యాదులు తేల్చే అధికారి) దగ్గరికి వెళ్లొచ్చు. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు.

ఇక అమ్మ విషయం. నేను డాక్టర్ని కాను గానీ క్లెయిములు చూసీ చూసీ కొన్ని తెలిశాయి. పెద్దవాళ్లు ఆసుపత్రిలో పడేది ఎక్కువగా మంచానికీ బాత్రూంకీ మధ్యనే. ఒంటికి మూత్రం మాత్ర, బీపీ మాత్ర, నిద్రమాత్ర పడి ఉంటాయి, చేతికి సెలైన్ ఉంటుంది, చోటు కొత్త, లైటు మసక. పడుకుని ఒక్కసారిగా లేస్తే బీపీ పడిపోయి కళ్లు తిరుగుతాయి. వీటన్నిటికీ తోడు మన పెద్దవాళ్ల మొహమాటం ఒకటి: 'పాపం, పగలంతా కష్టపడి పడుకున్నాడు, వాణ్ణి లేపడమెందుకు' అని తామే మెల్లగా లేచి వెళ్తారు. మీ నాన్నగారు కూడా అలాగే లేచి ఉంటారు. కొడుకుని లేపడానికి మొహమాటపడేవాళ్లు జీతమిచ్చి పెట్టిన మనిషిని పిలవడానికి అంతగా జంకరు. అటెండెంట్ వల్ల లాభం సగం అక్కడే ఉంది.

మోకాలి ఆపరేషన్‌కి ఇంకో మెలిక ఉంది. నొప్పి తెలియకుండా కాలి నరానికి మత్తు ఇస్తే కొన్ని గంటల పాటు తొడ కండరాలు సహకరించకపోవచ్చు. నొప్పి లేదు కదా అని లేచి నిలబడితే కాలు మడతపడిపోతుంది. మత్తు ఎలా ఇస్తారు, ఎప్పటిదాకా ఒక్కరే లేవకూడదు అని ఎనస్థీషియా డాక్టర్ని ముందే అడగండి. పడే ముప్పు ఎంతుందో లెక్కేయడానికి మోర్స్ స్కేల్ అని ఒకటి ఉంది. ఇంతకుముందు పడ్డారా, సెలైన్ ఉందా, వాకర్ వాడుతున్నారా, నడక ఎలా ఉంది లాంటివాటికి మార్కులేస్తారు. ఎన్‌ఏబీహెచ్ (ఆసుపత్రుల నాణ్యతను పరిశీలించే సంస్థ) గుర్తింపున్న ఆసుపత్రి ఇలాంటి అంచనా వేసి కేస్‌షీట్‌లో రాయాలి. అమ్మ స్కోరు ఎంతని అడ్మిషన్ రోజునే నర్సుని అడగండి. అడిగే కొడుకు ఉన్నాడంటే మంచం ఎత్తు తగ్గిస్తారు, చక్రాలకు లాకు వేస్తారు, కాలింగ్ బెల్ చేతికందేలా పెడతారు. మంచానికి అడ్డకమ్మీలున్నాయి కదా అని మాత్రం ధీమా పడకండి. మత్తులో ఉన్న మనిషి కమ్మీ దాటబోయి పడితే ఇంకా ఎత్తు నుంచి పడ్డట్టే.

డబ్బు లెక్క ఇలా వేశాను. ఆసుపత్రిలో అయిదు రాత్రులు, ఇంటికొచ్చాక పదిహేను రాత్రులు, మొత్తం ఇరవై షిఫ్టులకి 18,000. ఆసుపత్రిలో పగలు కూడా మనిషిని పెడితే ఇంకో 4,500. మీరు షెడ్డు మూసుకుని కూర్చుంటే పోయే ఆదాయం ఒక్కరోజుదే ఇంతకంటే ఎక్కువ ఉంటుందేమో చూడండి. వాకర్, కమోడ్ కుర్చీ, బాత్రూం గోడకి పట్టుకునే కడ్డీలు, మేస్త్రీ కూలీ కలిపి పది వేలు. ఇంటి దగ్గర ఫిజియోథెరపీకి పది వేలు అనుకున్నా, డాక్టర్ రాసిచ్చి పాలసీలో డిశ్చార్జి తర్వాతి ఖర్చులుంటే అది వెనక్కి రావచ్చు. బీమాకి రానివి, పరీక్షల ఖర్చులో తేడాలు కలుపుకుని 75,000 సేవింగ్స్ ఖాతాలో ఉంచండి, చాలు.

గది మాత్రం ఈసారి పరిమితి లోపలిదే తీసుకోండి. ఏసీ కాస్త తక్కువైనా అమ్మ ఏమీ అనుకోరు. మోకాలి మార్పిడికి పాలసీల్లో సాధారణంగా రెండు, మూడేళ్ల వెయిటింగ్ (పాలసీ తీసుకున్నాక ఆ చికిత్సకి డబ్బివ్వని కాలం) ఉంటుంది, అది పూర్తయిందో లేదో ఈ వారమే కంపెనీకి మెయిల్ పెట్టి రాతపూర్వకంగా తెప్పించుకోండి. ప్రమాదంలో అయిన ఫ్రాక్చర్‌కి ఆ వెయిటింగ్ అడ్డురాదు.

కేసు సంగతి. మనిషి పడ్డంత మాత్రాన ఆసుపత్రి తప్పని రుజువు కాదు. ముప్పుందని తెలిసీ జాగ్రత్త తీసుకోలేదని, బెల్ కొట్టినా రాలేదని, నేల తడిగా వదిలేశారని చూపించాలి. అందుకు కేస్‌షీట్, ఆ రాత్రి నర్సు రాసిన నోట్స్ కావాలి. రికార్డులు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని 2002 మెడికల్ కౌన్సిల్ నిబంధనలు చెబుతున్నాయి. వాటిని ముందు తెచ్చుకోండి. విశాఖ జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఘటన జరిగిన రెండేళ్లలోపు ఫిర్యాదు చేయొచ్చు, మీరు కట్టింది 5 లక్షల లోపు కాబట్టి ఫీజు ఉండదు. (అదే కేజీహెచ్ లాంటి ప్రభుత్వాసుపత్రిలో అందరికీ ఉచితంగా చేసే వైద్యమైతే ఈ దారి లేదు, 1995లోనే సుప్రీంకోర్టు చెప్పింది.) నేనైతే కేసుకి ముందు మెడికల్ సూపరింటెండెంట్‌కి ఒక ఉత్తరం రాసి, తుంటి ఆపరేషన్ ఖర్చులో ఎంత వెనక్కిస్తారో అడుగుతాను. వస్తే సంతోషమే. రాబోయే పరిహారాన్ని మాత్రం అమ్మ ఆపరేషన్ బడ్జెట్‌లో కలపకండి.

జరగరానిది జరిగి ఒక్కసారిగా రెండు లక్షలు కావాల్సి వస్తే, ఆ ఎఫ్‌డీ మీదే బ్యాంకులో ఓవర్‌డ్రాఫ్ట్ తీసుకోండి. వాడుకున్న సొమ్ముకి, వాడుకున్న రోజులకే వడ్డీ, మామూలుగా ఎఫ్‌డీ వడ్డీ కంటే ఒకటి రెండు శాతం ఎక్కువ. ఇప్పుడే వెళ్లి ఆ సదుపాయం పెట్టించుకోండి, అప్పటికప్పుడు సంతకాల కోసం పరుగెత్తనక్కర్లేదు. అమ్మకి 70 దాటాయి కాబట్టి ఏడాదికి 5 లక్షల కవరుండే కేంద్ర ప్రభుత్వ ఆయుష్మాన్ వయ వందన కార్డుకి కూడా అర్హత ఉంది, ప్రైవేటు పాలసీ ఉన్నా ఇస్తారు. ఆధార్‌తో నమోదు చేయించి, మీరు అనుకుంటున్న ఆసుపత్రిలో, ఆ సర్జరీకి అది పనిచేస్తుందో లేదో అక్కడి ఆరోగ్యమిత్రని (ప్రభుత్వ ఆరోగ్య పథకాల సహాయకుణ్ణి) అడగండి.