ఫిలిప్పీన్స్‌లోని తసదాయ్ తెగ నిజంగా ఉందా, లేక అదంతా నాటకమా?

మనుషులు నిజమే. వాళ్ల చుట్టూ అల్లిన కథలోనే అతి ఎక్కువ.

1971లో మిండనావో దీవిలోని దక్షిణ కొటబాటో అడవుల్లో, గుహల్లో ఉంటూ రాతి పనిముట్లు వాడే 26 మంది కనిపించారని మాన్యుయెల్ ఎలిజాల్దే ప్రకటించాడు. ఆయన ధనిక కుటుంబీకుడు, అప్పటి అధ్యక్షుడు ఫెర్డినాండ్ మార్కోస్ ప్రభుత్వంలో ఆదివాసీ వ్యవహారాలు చూసేవాడు. వ్యవసాయం తెలియని 'రాతియుగపు మనుషులు' అంటూ ప్రపంచ పత్రికలు ఎగబడ్డాయి. కొన్నాళ్లకే బయటివారి రాకపోకలు ఆపేశారు.

1986లో మార్కోస్ పతనమయ్యాక ఓస్వాల్డ్ ఇటెన్ అనే స్విస్ విలేకరి అక్కడికి వెళ్లాడు. గుహలు ఖాళీ, అదే మనుషులు ఇళ్లలో ఉంటూ మామూలు దుస్తులు వేసుకుంటున్నారు. ఎలిజాల్దే చెప్పినట్టు నటించామని కొందరు అన్నారు, తర్వాత కొందరు ఆ మాట మార్చారు. రెండుసార్లూ దుబాసీల మీదే ఆధారపడ్డారన్నది మరచిపోకూడదు.

నా దృష్టిలో గట్టి సాక్ష్యం భాషే. లారెన్స్ రీడ్ అనే భాషావేత్త పరిశీలించి, వాళ్లు మాట్లాడేది మనోబో భాషల కుటుంబానికి చెందిన, కొంత ప్రత్యేకత ఉన్న మాండలికమని తేల్చాడు. పిల్లలతో సహా అందరికీ అలాంటి యాసను నేర్పి నటింపజేయడం దాదాపు అసాధ్యం. అలాగని వేల ఏళ్ల ఏకాంతమూ అబద్ధమే; పొరుగు మనోబోల నుంచి విడిపోయి బహుశా కొన్ని తరాలే అయింది.

అన్నట్టు, 1997 నాటి ఫిలిప్పీన్స్ ఆదివాసీ హక్కుల చట్టం రాతి గొడ్డలి ఉందా అని అడగదు. తమను తాము ఒక సముదాయంగా గుర్తించుకోవడం, ఇతరులూ గుర్తించడం, ఉమ్మడి నేలపై తరతరాలుగా ఉండటం, ఇవే చూస్తుంది.