పిల్లల వార్డులో మొదటి ఏడాది: సీటు వదలాలా, సెలవు అడగాలా?

ప్రశ్న: మా అమ్మాయి ప్రభుత్వ మెడికల్ కాలేజీలో పీడియాట్రిక్స్ ఎండీ మొదటి సంవత్సరం చదువుతోంది. పిల్లల డాక్టరే అవుతానని పట్టుబట్టి ఈ బ్రాంచి తీసుకుంది. చేరి ఆర్నెల్లు కాలేదు, ఫోన్ చేస్తే చాలు ఏడుస్తోంది. డ్యూటీకి వెళ్తే మర్నాడు సాయంత్రం దాకా గదికి రావడం లేదు. సీటు వదిలేసి మళ్లీ నీట్ పీజీ రాస్తానంటోంది. వదిలేయమనాలా, సర్దుకోమనాలా?
– ఒక తల్లి, ఖమ్మం జిల్లా

జవాబు: అమ్మా, ప్రస్తుతానికి ఆ రెండు మాటల్లో ఏదీ అనకండి. ముందు తేలాల్సింది వేరే ఉంది. అమ్మాయికి పడనిది పిల్లల వైద్యమా, డ్యూటీ రోస్టరా? ‘ఎలా ఉన్నావ్’ అంటే ఏడుపే వస్తుంది. ‘ఈ వారం ఏ పాపైనా కోలుకుని ఇంటికెళ్లిందా’ అని అడిగి చూడండి. గొంతులో కాస్త హుషారొచ్చి ఆ పాప కథంతా చెప్పిందంటే బ్రాంచిలో తప్పు లేదు. ‘వార్డు పేరెత్తకమ్మా’ అంటే మాత్రం ఆలోచించాల్సిందే.

ఫస్టియర్ పీజీ రాత్రి డ్యూటీ ఎలా ఉంటుందో మీకు తెలియాలి. తెల్లవారుజామున మూడింటికి కిలో బరువున్న పసికందుకు సెలైన్ లైన్ పనిచేయకుండా పోతుంది. దారప్పోగంత నరం వెతికి సన్నటి సూది ఎక్కించాలి. ఒకటి రెండు సార్లు తప్పుతుంది, చెయ్యి వణుకుతుంది. పెద్దవాళ్లలా ఒక మాత్ర, ఒక ఇంజెక్షన్ అని ఉండదు. ప్రతి మందూ బిడ్డ బరువును బట్టి లెక్కగట్టాల్సిందే, లెక్కలో దశాంశ చుక్క ఒక్క స్థానం అటూ ఇటూ పడితే మోతాదు పదింతలవుతుంది. చాలాచోట్ల రక్తం శాంపిల్ పట్టుకుని ల్యాబ్‌కి పరిగెత్తేదీ పీజీనే. పొద్దున రౌండ్స్‌లో ‘ఆ బిడ్డ పొటాషియం ఎంత?’ అని చీఫ్ అడిగితే నోట మాట రాదు. ఇక ఒక బిడ్డ చనిపోయినప్పుడు బయటికొచ్చి ఆ తల్లికి చెప్పడం ఎలాగో ముందుగా ఎవరూ నేర్పరు. పీడియాట్రిక్స్ పీజీలను ఎక్కువగా కుంగదీసేది అదేనని నా అభిప్రాయం.

కాబట్టి మీ అమ్మాయి బలహీనురాలేం కాదు. జాతీయ వైద్య కమిషన్ టాస్క్‌ఫోర్స్ 2024లో ఇచ్చిన నివేదిక ప్రకారం, సర్వేలో పాల్గొన్న పీజీల్లో 45 శాతం మంది వారానికి 60 గంటలకు మించి పనిచేస్తున్నారు, సగం మందికి పైగా వారాంతపు సెలవు దొరకడం లేదు. వారానికి 74 గంటలు దాటకూడదని, ఒక రోజు సెలవు ఉండాలని ఆ నివేదిక సిఫార్సు చేసింది. 74 కూడా తక్కువేం కాదు, అయినా మన దగ్గర అదే గొప్ప.

సిఫార్సు సంగతి అలా ఉంచితే, చేతిలో ఉన్న నిబంధన ఒకటుంది. పీజీ వైద్య విద్య నిబంధనలు-2023 ప్రకారం ఏడాదికి కనీసం 20 రోజుల జీతంతో కూడిన క్యాజువల్ లీవు, దానిపైన 5 రోజుల అకడమిక్ లీవు ఉన్నాయి. పని పరిస్థితిని బట్టి వారానికొక సెలవు. పనిగంటలు ‘సహేతుకంగా’ ఉండాలని మాత్రమే రాశారు తప్ప ఎన్ని గంటలో అంకె వేయలేదు, తలనొప్పంతా అక్కడే. అందుకే గంటల మీద వాదనకు దిగకుండా ‘నైట్ డ్యూటీ మర్నాడు మధ్యాహ్నానికైనా వదలండి’ అని అడిగితే పని జరుగుతుంది. ఒక్కర్తే వెళ్లొద్దు, బ్యాచ్ అంతా కలిసి హెచ్‌ఓడీ (విభాగాధిపతి) దగ్గరికి వెళ్లాలి. అక్కడ కుదరకపోతే జూడా (జూనియర్ డాక్టర్ల సంఘం) ప్రతినిధులున్నారు.

ఆ అయిదు రోజుల అకడమిక్ లీవును చాలామంది కాన్ఫరెన్స్‌లో పోస్టర్ పెట్టడానికే దాచుకుంటారు. మొదటి ఏడాదిలో శిక్షణకు వాడితే ఎక్కువ లాభం. పుట్టిన బిడ్డ ఏడవకపోతే మొదటి నిమిషంలోనే బ్యాగ్, మాస్క్‌తో ఊపిరి ఎలా అందించాలో బొమ్మ మీద చేయించి నేర్పే ఎన్‌ఆర్‌పీ వర్క్‌షాపులు ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ ఆధ్వర్యంలో జరుగుతుంటాయి. చెయ్యి తిరిగితే సగం భయం పోతుంది. లేబర్ రూమ్ నుంచి కాల్ వస్తే గుండె దడదడలాడే కుర్ర డాక్టర్లకు ధైర్యం మాటలకన్నా ఇదే మందు. కాలేజీలోనే జరిగితే లీవు కూడా అక్కర్లేదు.

ఇంకొకటి. రెండో ఏడాదిలోనో, మూడో ఏడాది మొదటి సగంలోనో మూడు నెలలు జిల్లా ఆసుపత్రిలో డిస్ట్రిక్ట్ రెసిడెన్సీ ఉంటుంది. అంటే మూడేళ్లూ ఇదే వార్డు, ఇదే చీఫ్ కాదు. కిందికి కొత్త ఫస్టియర్ బ్యాచ్ వస్తే పరుగులు కూడా తగ్గుతాయి.

అయితే కొన్ని విషయాల్లో ఆగకూడదు. డ్యూటీ లేని రోజున కూడా నిద్ర పట్టకపోవడం, తిండి మానేయడం, ‘నేనుండి ఏం లాభం’ లాంటి మాటలు... ఇవి కనబడితే రోస్టర్ సంగతి తర్వాత, మర్నాడే బస్సెక్కి వెళ్లండి. అదే కాలేజీ సైకియాట్రీ విభాగానికి వెళ్లడానికి పీజీలు సిగ్గుపడతారు, తెలిసినవాళ్లుంటారని. బయటి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. రాత్రిళ్లు మాట్లాడాలంటే టెలీ మానస్ 14416 ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు. డాక్టర్ సలహాతో సెలవు పెట్టొచ్చు. అనుమతించిన రోజులకు మించి వాడితే కోర్సు అన్ని రోజులు వెనక్కి జరుగుతుందంతే, సీటు పోదు.

ఇవన్నీ చూశాక కూడా పిల్లల వైద్యం నాకొద్దని అమ్మాయి అంటే అప్పుడు వదలడం గురించి మాట్లాడుకోండి. చేరేటప్పుడు సంతకం చేసిన బాండు కాపీ మీ ఇంట్లోనే ఉండాలి. సీటు వదిలితే ఎంత కట్టాలి, ఎన్నాళ్లు మళ్లీ పరీక్ష రాయనివ్వరు అన్నవి రాష్ట్రాన్ని, కాలేజీని బట్టి మారతాయి. ఈ బాండు పద్ధతి తీసేయమని వైద్య కమిషన్ 2024లో రాష్ట్రాలను కోరింది గానీ, మీకు వర్తించేది మీ కాగితంలో ఉన్నదే. మీరూ మీవారూ చదివి పెట్టుకోండి. డబ్బు సంగతి మాత్రం ఈ వారం ఫోన్‌లో ఎత్తకండి.