మానిటర్ బహుమతిగా ఇస్తున్నారా? అంగుళాల కన్నా ముందు చూడాల్సినవి

ప్రశ్న: మా అమ్మాయి హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తోంది. వారానికి మూడు రోజులు గదిలోంచే పని. రోజంతా 14 అంగుళాల ల్యాప్‌టాప్ మీదికి వంగి మెడ నొప్పి అంటోంది. వచ్చే నెల పుట్టినరోజుకి మానిటర్ కొనిద్దామనుకుంటున్నాం. పది వేలు దాటకూడదు. షాపులో ఆ ధరకే 27 అంగుళాలది కూడా ఉంది, పెద్దదే తీసుకోమంటున్నారు. తనకి ముందుగా తెలియకూడదు. ఏది కొనమంటారు?
– ఒక తల్లి, ఏలూరు

జవాబు: 24 అంగుళాలు, ఫుల్ హెచ్‌డీ, ఐపీఎస్ ప్యానెల్ (అదొక తెర రకం), 100 హెర్ట్జ్ (బొమ్మ సెకనుకి వందసార్లు మారుతుందని). ఈ నాలుగూ చీటీ మీద రాసుకుని వెళ్లండి. పేరున్న కంపెనీలవి సుమారు ఏడు నుంచి తొమ్మిది వేల మధ్య దొరుకుతాయి. ఆన్‌లైన్‌లోనో, పెట్టెల మీదో 23.8 అని కనిపిస్తే అదీ ఇదే సైజు.

27 వద్దనడానికి కారణం ఉంది. పది వేలలో వచ్చే 27 అంగుళాల మానిటర్ కూడా ఫుల్ హెచ్‌డీయే. అంటే అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలు. 24 అంగుళాల దాంట్లోనూ సరిగ్గా అన్నే. తెర పెరిగింది, చుక్కలు పెరగలేదు. దాంతో ఒక్కో చుక్క 0.27 మిల్లీమీటర్ల నుంచి 0.31కి లావెక్కుతుంది. అంగుళానికి 92 చుక్కలు ఉండాల్సిన చోట 82 ఉంటాయి. సినిమా చూసేటప్పుడు ఇది తెలియదు. చేయి చాచినంత దూరంలో కూర్చుని పొద్దస్తమానం అక్షరాలు చూసేవాళ్లకి తెలుస్తుంది.

తెలుగు చదివేవాళ్లకి మరీ తెలుస్తుంది. ద, ధ, థ పక్కపక్కన పెట్టి చూడండి. ధకి కింద చిన్న గీత, థకి కడుపులో చుక్క, తేడా అంతే. మామూలు సైజు అక్షరంలో ఆ చుక్కకి తెర మీద దక్కేది ఒకటో రెండో పిక్సెళ్లు, అంటే పైన చెప్పిన తెర చుక్కలు. పిక్సెల్ లావైతే అది పక్క గీతలో కలిసిపోతుంది. ఒత్తు కింద ఒత్తు పడే ‘రాష్ట్రం’ లాంటి మాటలో ట వత్తు, ర వత్తు రెండూ అలుక్కుపోయినట్టు కనిపిస్తాయి. 27 అంగుళాలే కావాలంటే 2560 × 1440 చుక్కలున్నది తీసుకోవాలి. దాని ధర పద్నాలుగు, పదిహేను వేల నుంచి మొదలవుతుంది, మీ లెక్క దాటిపోతుంది.

ప్యానెల్ సంగతి షాపులోనే తేల్చుకోవచ్చు. తెర ముందు నుంచి ఒక అడుగు పక్కకి జరగండి, తర్వాత కాస్త కిందికి వంగి చూడండి. రంగులు మారిపోయి, బొమ్మ నెగెటివ్‌లా నల్లబడితే అది టీఎన్ రకం. చవగ్గా ఇచ్చినా వద్దు. వీఏ రకంలో నలుపు బాగా నల్లగా ఉంటుంది, చీకటి గదిలో సినిమాలకి మంచిదే. కానీ పేజీని గబగబా పైకీ కిందికీ జరిపితే ముదురు రంగుల చోట మసక తోక కనిపిస్తుంది. రోజంతా కోడ్ చూసే మనిషికి ఐపీఎస్ సుఖం.

పెట్టె మీద పెద్దక్షరాల్లో ఉండే ‘కోటికి ఒకటి కాంట్రాస్ట్’ (తెలుపు వెలుగుకీ నలుపు వెలుగుకీ నిష్పత్తి), ‘1 మిల్లీసెకను’ (చుక్క రంగు మారడానికి పట్టే సమయం) అనే అంకెలని చూసి ధర పెంచుకోకండి. ఐపీఎస్‌కి మామూలుగా ఉండే అసలు కాంట్రాస్ట్ 1000:1. వెలుగు 250 నిట్స్ చాలు. కిటికీ పక్కనే బల్ల ఉంటే 300 చూడండి.

తెలియకుండా కొనడంలో అసలు చిక్కు పోర్టు దగ్గర వస్తుంది. తన రూమ్మేట్‌నో, స్నేహితురాలినో పట్టుకుని ల్యాప్‌టాప్ రెండు పక్కల ఫొటోలూ, అడుగున ఉండే మోడల్ నంబరూ తెప్పించుకోండి. కింది రెండు మూలలూ ఏటవాలుగా కోసినట్టుండి, వేలి గోరంత వెడల్పున్న రంధ్రం కనిపిస్తే అది హెచ్‌డీఎంఐ. ఇక దిగులు లేదు, చవక మానిటర్లన్నిటికీ అది ఉంటుంది. గుండ్రటి అంచుల సన్నటి టైప్-సీ రంధ్రాలే ఉంటే, అందులోంచి బొమ్మ వస్తుందో లేదో మోడల్ నంబరుతో కంపెనీ సైట్‌లో చూడాలి. వస్తుందని ఉంటే టైప్-సీ నుంచి హెచ్‌డీఎంఐకి వెళ్లే కేబుల్ కూడా కొనండి. నీలం రంగు వీజీఏ కేబుల్ ఒక్కటే ఉన్న పెట్టె ఇస్తే మార్చమనండి. ఇప్పటి ల్యాప్‌టాప్‌లకి ఆ పోర్టు దాదాపు ఉండదు. ఇస్తామన్న హెచ్‌డీఎంఐ కేబుల్ పెట్టెలో నిజంగా ఉందో లేదో కూడా చూసుకోండి.

అదే ఫొటోల్లో బల్ల కూడా పడేలా చూడండి. 24 అంగుళాల మానిటర్ వెడల్పు సుమారు 54 సెంటీమీటర్లు, స్టాండుకి ముందు వెనకలుగా 20 సెంటీమీటర్ల జాగా కావాలి. తెరకీ కళ్లకీ మధ్య 50 నుంచి 70 సెంటీమీటర్లు ఉండాలి కాబట్టి, హాస్టల్‌లో ఇచ్చే ఇరుకు బల్ల అయితే మానిటర్‌ని గోడకి ఆనించినట్టు పెట్టాలి. ఈ ధరలో స్టాండు ముందుకీ వెనక్కీ వంగుతుందంతే, పైకి లేవదు. తెర పై అంచు కంటి ఎత్తుకి రావాలంటే కింద చిన్న చెక్క స్టాండో, రెండు లావు పుస్తకాలో పెట్టాల్సిందే. వెనక 75 లేదా 100 మిల్లీమీటర్ల దూరంలో నాలుగు స్క్రూ రంధ్రాలుంటే రేపు ఆర్మ్ (తెరని కావాల్సిన ఎత్తులో పట్టి ఉంచే చేయి) బిగించుకోవచ్చు. చవక రకాల్లో కొన్నిటికి ఇవి ఉండవు, అడగండి.

మిగిలిన డబ్బుతో విడి కీబోర్డు, మౌస్ తప్పకుండా కొనండి. ఇది మర్చిపోయేవాళ్లే ఎక్కువ. ల్యాప్‌టాప్ కీబోర్డు మీదే టైప్ చేస్తుంటే మానిటర్ పక్కకి పోతుంది. ఇన్నాళ్లూ వంగిన మెడ ఇక రోజంతా పక్కకి తిరుగుతుంది. మీరు ఏ నొప్పి పోవాలని కొంటున్నారో అది వేరే చోట మొదలవుతుంది.

ఇప్పుడు తేదీల లెక్క. ఆన్‌లైన్‌లో కొన్నది మార్చి ఇవ్వడానికి ఎక్కువగా ఏడు రోజులే గడువు. నెల ముందే కొని బీరువాలో దాస్తే, తను విప్పి చూసేసరికి గడువు అయిపోతుంది. పుట్టినరోజుకి మూడు నాలుగు రోజుల ముందు చేరేలా ఆర్డర్ పెట్టండి. లేదా మీ ఇంట్లోనే విప్పి, పరీక్షించి, మళ్లీ కట్టండి. పరీక్షకి పది నిమిషాలు పట్టదు. ఏదైనా ల్యాప్‌టాప్ తగిలించి తెర నిండా తెలుపు, నలుపు, ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఒక్కొక్కటే పెట్టి, మారకుండా ఉండిపోయిన చుక్కలున్నాయేమో చూడండి. ఒకటి రెండు చుక్కలకి వారంటీలో మార్చని కంపెనీలు ఉన్నాయి, అందుకే గడువులోపే పట్టుకోవాలి. నలుపు పెట్టినప్పుడు లైటు ఆర్పి మూలలు చూడండి. లీలగా వెలుగు ఐపీఎస్‌కి సహజం, ఒక మూల పసుపు మరకలా వెలిగితే మార్పించండి. థర్మోకోల్‌లో మళ్లీ పెట్టేటప్పుడు తెర మధ్యలో వేలు నొక్కకుండా అంచులు పట్టుకోండి. తెర పగిలితే వారంటీ వర్తించదు.

వెనక స్టిక్కర్ మీద బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు, ‘ఆర్’ అక్షరంతో మొదలయ్యే నంబరు ఉండాలి. ఆ నంబరుని బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి సరిచూసుకోవచ్చు. బిల్లు ఫొటో తనకీ పంపండి. సర్వీసు కావాల్సొస్తే బిల్లే అడుగుతారు.

ప్రశ్న: మా నాన్నగారికి 70 ఏళ్లు, తెనాలిలో ఉంటారు. ల్యాప్‌టాప్‌లో ఈ-పేపర్ చదువుతారు, మాతో వీడియో కాల్ మాట్లాడతారు. అక్షరాలు ఆనడం లేదంటున్నారు. మేం న్యూజెర్సీ నుంచి వచ్చేటప్పుడు మానిటర్ తెమ్మంటారా?
– ఒక పాఠకుడు, న్యూజెర్సీ

జవాబు: తేవద్దు. కరెంటుతో ఇబ్బంది లేదు, అడాప్టర్లు ఎక్కువగా 100 నుంచి 240 వోల్టుల దాకా తట్టుకుంటాయి. వారంటీతోనే ఇబ్బంది. అక్కడ కొన్నదానికి తెనాలిలో సర్వీసు దొరకడం కష్టం. ఇక్కడి చిరునామాకే ఆర్డర్ పెట్టి, మీరు వచ్చాక బిగించండి.

పై జవాబులో వద్దన్న 27 అంగుళాల ఫుల్ హెచ్‌డీ మీ నాన్నగారికి బాగుంటుంది. అక్షరం ఎంత నాజూగ్గా ఉందన్నది ఆయనకి ముఖ్యం కాదు, ఎంత పెద్దగా ఉందన్నదే ముఖ్యం. బిగించాక విండోస్ సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో డిస్‌ప్లే తెరిచి స్కేల్‌ని 125 శాతం చేయండి. స్టార్ట్‌లో ‘క్లియర్‌టైప్’ అని వెతికి, అది చూపించే నమూనాల్లో ఆయనకి ఏది తేటగా ఉందో ఆయన్నే ఎంచుకోమనండి.

ఆయన వాడేది రెండు భాగాల కళ్లద్దాలో, ప్రోగ్రెసివ్ అద్దాలో అయితే మానిటర్‌ని ఎత్తులో పెట్టకండి. చదివే భాగం అద్దంలో కింద ఉంటుంది. తెర ఎత్తులో ఉంటే గడ్డం పైకెత్తి చూడాలి, పేపరు పూర్తయ్యేసరికి మెడ పట్టేస్తుంది. బల్ల మీదే కిందికి పెట్టి, కాస్త వెనక్కి వంచండి.

చవక మానిటర్లలో కెమెరా ఉండదు. కాల్ మాట్లాడాలంటే ల్యాప్‌టాప్ మూత తెరిచే ఉంచాలి. హెచ్‌డీఎంఐ తగిలించాక ‘మాట వినపడట్లేదు’ అని మీకు ఫోన్ రావచ్చు. కేబుల్ తగిలించగానే శబ్దం మానిటర్‌కి మళ్లుతుంది, దానికేమో స్పీకర్లు ఉండవు. కింద కుడివైపు స్పీకర్ బొమ్మ నొక్కి ల్యాప్‌టాప్ స్పీకర్లనే ఎంచుకోవాలి. ఇది వచ్చినప్పుడే చేసి చూపించి, ఒక కాగితం మీద రాసి బల్లకి అంటించండి.

ప్రశ్న: తమ్ముడికి టైప్-సీ ఉన్న మానిటర్ కొనిచ్చాను. ల్యాప్‌టాప్‌కీ టైప్-సీ ఉంది. తగిలిస్తే ‘నో సిగ్నల్’ అంటోంది. మానిటర్ పాడైందా?
– ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: మానిటర్ మంచిదే అయ్యుండొచ్చు, ముందు కేబుల్‌ని అనుమానించండి. ఫోన్ ఛార్జర్‌తో వచ్చే సీ కేబుళ్లు ఎక్కువగా ఛార్జింగుకీ ఫైళ్లు పంపడానికే, వాటిలో బొమ్మ వెళ్లదు. మానిటర్‌తో వచ్చిన కేబులే వాడండి. తర్వాత మానిటర్ బటన్లతో ఇన్‌పుట్‌ని టైప్-సీకి మార్చండి. కీబోర్డులో విండోస్, పీ కలిపి నొక్కి ‘ఎక్స్‌టెండ్’ ఎంచుకోండి.

అప్పటికీ రాకపోతే ల్యాప్‌టాప్ పోర్టు పక్కన డీ, పీ అక్షరాలు కలిసిన గుర్తుగానీ, బాణం ఉన్న మెరుపు గుర్తుగానీ ఉందా చూడండి. కొన్ని కంపెనీలు గుర్తు వేయవు కాబట్టి మోడల్ నంబరుతో కూడా సరిచూడండి. బొమ్మ పంపలేని సీ పోర్టుకి ఏ కేబుల్ మార్చినా, మామూలు కన్వర్టర్ పెట్టినా లాభం లేదు. హెచ్‌డీఎంఐతో కలపండి. అలా కలిపాక రంగులు పాలిపోయి, నలుపు బూడిద రంగులో కనిపిస్తే గ్రాఫిక్స్ సెట్టింగ్స్‌లో రేంజిని ‘లిమిటెడ్’ నుంచి ‘ఫుల్’కి మార్చండి. బొమ్మ 60 హెర్ట్జ్‌లోనే ఉండిపోతే అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లేలో 100 ఎంచుకోవాలి, దానంతటది మారకపోవచ్చు.

ప్రశ్న: అదే డబ్బుకి 32 అంగుళాల టీవీ వస్తోంది కదా, దాన్నే మానిటర్‌గా వాడుకోమని ఇస్తే?
– ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: చదువుకో, ఆఫీసు పనికో అయితే ఇవ్వకండి. ఆ ధరలో 32 అంగుళాల టీవీ ఎక్కువగా ‘హెచ్‌డీ రెడీ’, అంటే 1366 × 768. అంగుళానికి 49 చుక్కలే, 24 అంగుళాల మానిటర్‌లో ఉన్నవాటిలో సగం. పైగా చాలా టీవీలు బొమ్మని కొద్దిగా సాగదీసి అంచులు కత్తిరిస్తాయి, విండోస్ టాస్క్‌బార్ సగం కనపడకుండా పోతుంది. ఇప్పటికే కొనేసుంటే టీవీ పిక్చర్ మెనూలో ‘జస్ట్ స్కాన్’ లేదా ‘స్క్రీన్ ఫిట్’ లాంటిది పెట్టండి, టాస్క్‌బార్ తిరిగొస్తుంది. అక్షరాలు మాత్రం బాగుపడవు.

ప్రశ్న: ఆఫీసుల్లో వాడి తీసేసిన మానిటర్లు మూడు, నాలుగు వేలకి అమ్ముతున్నారు. చెల్లెలి చదువుకి కొనొచ్చా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: కొనొచ్చు. వాటిలో ఎత్తు మార్చుకునే స్టాండు ఉన్నవి దొరుకుతాయి, కొత్తవాటిలో ఆ ధరకి రావు. అరగంట వెలిగించి ఉంచి, తెల్ల తెర మీద పసుపు ఛాయ, గీతలు, మూలల్లో చీకటి ఉన్నాయేమో చూడండి. వెలుగు పూర్తిగా తగ్గించి ఫోన్ కెమెరా పెట్టి చూసినప్పుడు నల్లటి పట్టీలు కదులుతుంటే వదిలేయండి, అది కంటికి తెలియకుండా మినుకుమినుకుమనే రకం.

పోర్టులు ఎక్కువగా వీజీఏ, డీవీఐ, డిస్‌ప్లేపోర్టే ఉంటాయి. డీవీఐ ఉంటే అదృష్టం, హెచ్‌డీఎంఐ నుంచి డీవీఐకి మామూలు కేబుల్ సరిపోతుంది. డిస్‌ప్లేపోర్టు ఉంటే మాత్రం జాగ్రత్త. షాపులో దొరికే చవక కేబుల్ కంప్యూటర్ వైపు డిస్‌ప్లేపోర్టు, మానిటర్ వైపు హెచ్‌డీఎంఐ ఉన్నప్పుడే పనిచేస్తుంది. తిరగేసి పెడితే బొమ్మ రాదు. ల్యాప్‌టాప్ హెచ్‌డీఎంఐ నుంచి మానిటర్ డిస్‌ప్లేపోర్టుకి వెళ్లాలంటే కరెంటు తీసుకునే యాక్టివ్ కన్వర్టర్ కావాలి. దాని ధర అడిగి, మానిటర్ ధరకి కలుపుకుని చూసి అప్పుడు బేరమాడండి.