మా అవ్వ చెప్పింది ఎక్కడ రాసుకున్నారు?

ప్రశ్న: మాది కోసిగి దగ్గర పల్లె. మొన్నటి ఎన్నికల ముందు ఒకబ్బాయి ట్యాబ్ పట్టుకుని సర్వేకు వచ్చాడు. మా అవ్వ వాడికి మంచినీళ్లిచ్చి, వానల్లేక సగం ఊరు సుగ్గికి (వలస కూలి పనులకు) పోయిందని, పిల్లల్ని బడి మాన్పించి వెంట తీసుకుపోతున్నారని చెప్తుంటే "అదంతా కాదవ్వా, ఓటెవరికి?" అన్నాడు. ఈ సర్వేలు, మేం గెలిపించే నాయకులు మా మాటే చెప్తున్నారంటారా?
– ఒక డిగ్రీ విద్యార్థిని, కర్నూలు జిల్లా

జవాబు: లేదమ్మా, సగం కూడా చెప్పట్లేదు. ఆ అబ్బాయి తప్పేం లేదు, వాడికిచ్చిన ప్రశ్నే అది. ఎవరు గెలుస్తారన్నది వేరు, జనానికి ఏం కావాలన్నది వేరు.

పోనీ గెలుపైనా సరిగ్గా చెప్తాయా అంటే, 2024 జూన్ 1న ఎక్కువ ఎగ్జిట్ పోల్స్ ఎన్డీయేకు లోక్‌సభలో 350 సీట్లు దాటుతాయన్నాయి, 4న లెక్క తేలితే 293. పద్ధతిగా ఎంచుకుంటే వెయ్యిమందిని అడిగినా మూడు శాతం అటూ ఇటుగా సరిపోతుంది, ఆ లెక్క నేనూ నమ్ముతాను. కానీ మిరప కోతలకు గుంటూరు వైపు పోయినవాళ్ల తలుపుకు తాళం ఉంటుంది, సర్వే మనిషి పక్కింటికి పోతాడు. ఎక్కువ కష్టంలో ఉన్న ఇల్లే లెక్కలోకి రాదు.

ఇక నాయకుల సంగతి. 2019లో టీడీపీకి 39 శాతం ఓట్లొస్తే 175లో 23 సీట్లు. 2024లో వైసీపీకీ దాదాపు అంతే శాతం, సీట్లు మాత్రం 11. మీ అభిమానం ఏ పార్టీ మీదైనా సరే, పదిమందిలో నలుగురి మాట అసెంబ్లీలో అంత చిన్నదైపోవడం నాకు బాధగానే ఉంటుంది. ఓటెయ్యనివాళ్లకూ తను ఎమ్మెల్యేనే అని గెలిచినాయన అనుకోవాలి, కానీ పని మీద పోతే "నువ్వు ఎవరి మనిషివి?" అని అడిగేవాళ్లను నేను కళ్లారా చూశాను.

మీ అవ్వ మాటకు చట్టం ఇచ్చిన చోటు గ్రామసభ. చాలా ఊళ్లలో రిజిస్టరు ఇంటింటికీ తిప్పి సంతకాలు పెట్టించుకుంటే సభ జరిగినట్టే. ఈసారి చదవకుండా సంతకం పెట్టకండి. వలసపోయేవాళ్ల పిల్లల కోసం సమగ్ర శిక్ష కింద సీజనల్ హాస్టళ్లు ఉంటాయి, మీ ఊరికి కావాలని తీర్మానం రాయించండి, రాశారో లేదో తెలియకపోతే 2005 సమాచార హక్కు చట్టం కింద నకలు అడగండి. పంట పని అయ్యాక ఊరు ఖాళీ అవుతుంది కాబట్టి దసరాకు ముందే ఈ పని కానివ్వండి. సభకు అవ్వను కూడా తీసుకుపోండి, ఆ అబ్బాయికి చెప్పిందే అక్కడా చెప్పమనండి.