బ్రెక్సిట్ వల్ల నిజంగా ఏం జరిగింది? లెస్టర్‌లో ఉండి నేను చూసింది

"యూరోపియన్ యూనియన్ నుంచి బయటికొచ్చి బ్రిటన్ ఏం బావుకుంది? అక్కడున్న మన తెలుగువాళ్ళకి లాభమా, నష్టమా?" అని మీలో కొందరు అడిగారు.

యూనియన్‌లో ఉండాలా, బయటికి రావాలా అని 2016 జూన్ 23న ప్రజలందరినీ అడుగుతూ జరిగిన ఓటింగులో, అంటే రెఫరెండంలో, నేనూ ఓటేశాను. బయటికి రావాలనే వేశాను. ఆ తర్వాత ఏళ్ళ తరబడి ఇక్కడ లెస్టర్‌లో ఇండియన్ సరుకులు టోకున అమ్మే ఒక కంపెనీలో, సరుకు పంపే సెక్షన్‌లో పనిచేస్తూ ఆ ఓటు ఫలితం రోజూ చూస్తున్నాను. అందుకే కొంచెం వివరంగా రాస్తాను.

ఇండియన్ పాస్‌పోర్టుతో బ్రిటన్‌లో ఓటేంటని చాలామంది ఆశ్చర్యపోతారు. ఇండియా లాంటి కామన్వెల్త్ దేశాల పౌరులు చట్టబద్ధంగా ఇక్కడ ఉంటుంటే ఓటు ఉంటుంది. మా ఆయన ఉద్యోగం మీద మేం తెనాలి నుంచి వచ్చి అప్పటికి నాలుగేళ్ళు. నా పక్క సీట్లో పనిచేసే పోలండ్ ఆవిడ పదకొండేళ్ళుగా ఇక్కడ పన్ను కడుతోంది, ఇద్దరు పిల్లలూ ఇక్కడే పుట్టారు. ఆవిడకి ఓటు లేదు. ఐర్లండ్, మాల్టా, సైప్రస్ వాళ్ళకి తప్ప మిగతా యూరప్ దేశాలవాళ్ళకి ఆ రెఫరెండంలో ఓటివ్వలేదు. ఆవిడ ఇక్కడ ఉండొచ్చా లేదా అన్నది తేల్చే ఓటు నా చేతిలో ఉంది, ఆవిడ చేతిలో లేదు. ఆ రోజు ఇది నాకు తట్టలేదు. మా వీధి చివర స్కూల్లో, దారం కట్టిన పెన్సిల్‌తో గుర్తు పెట్టి వచ్చేశాను. వేలికి సిరా చుక్క కూడా పెట్టరు ఇక్కడ.

ఎందుకలా వేశానంటే, మాకు ప్రతి వీసాకీ ఫీజు, దాని మీద హెల్త్ సర్‌ఛార్జి. అమ్మానాన్నలకి విజిటర్ వీసా ఒకసారి తిరస్కరించారు. యూరప్ నుంచి వచ్చేవాళ్ళకి ఇవేమీ లేవు, బస్సెక్కి వచ్చి పనిలో చేరొచ్చు. ఆ తలుపు మూస్తే మన తలుపు తెరుచుకుంటుందని ప్రచారం గట్టిగా జరిగింది. అప్పట్లో మంత్రిగా ఉన్న ప్రీతీ పటేల్, బయటికొస్తే కర్రీ రెస్టారెంట్లకి మన ప్రాంతాల నుంచి వంటవాళ్ళని తెచ్చుకోవచ్చని చెప్పేవారు. నేను నమ్మాను.

ఆ రాత్రి టీవీ ముందు కూర్చున్నాం. అర్ధరాత్రి దాటాక సండర్లాండ్ ఫలితం వచ్చింది. నిస్సాన్ కార్ల ఫ్యాక్టరీ ఉన్న ఊరు, యూరప్‌కి కార్లు అమ్ముకుని బతికే ఊరు. అక్కడ 61 శాతం బయటికే వేశారు. మా ఆయన ఫోన్‌లో పౌండు రేటు చూస్తున్నాడు. డబ్బు పంపే యాప్‌లో సాయంత్రం దాదాపు 100 రూపాయలున్న పౌండు, తెల్లారేసరికి 92, 93 దగ్గరికి దిగింది. డాలర్ లెక్కలో 1985 తర్వాత అంత తక్కువకి ఎప్పుడూ పడలేదు. అక్టోబరుకల్లా 82. తెనాలిలో ఇంటి లోనుకి నెలనెలా 600 పౌండ్లు పంపేవాళ్ళం. 60 వేలు అందేచోట 49 వేలే అందాయి. నాన్నగారు ఫోన్ చేసి, "ఏమ్మా, ఈ నెల తగ్గిందేం?" అని అడిగితే, నేనేసిన ఓటు వల్లేనని చెప్పడానికి నోరు రాలేదు.

దేశం మొత్తం మీద 51.9 శాతం బయటికి, 48.1 శాతం లోపలే ఉండటానికి వేశారు. మా లెస్టర్ మాత్రం బొటాబొటీ మెజారిటీతో ఉండటానికే వేసింది. ఓటు పడగానే ఆర్థిక మాంద్యం వస్తుందని అప్పటి ప్రభుత్వ ఆర్థిక శాఖ హెచ్చరించింది. అది రాలేదు. ఈ మాట నిజాయితీగా చెప్పాలి, ఎందుకంటే ఆ హెచ్చరిక తప్పయ్యేసరికి అసలు నష్టమే లేదని చాలామంది అనుకున్నారు. నష్టం వచ్చిన తీరు వేరు. మా కంపెనీ కందిపప్పు, మినప్పప్పు డాలర్లలో కొంటుంది. పౌండు పడితే పప్పు ధర పెరిగింది. దుకాణాల్లో కిలోకి కొన్ని పెన్నీలు. అలా మెల్లమెల్లగా, ఎవరూ వార్త రాయని చోట్ల మొదలైంది.

అసలు దెబ్బ 2021 జనవరి 1న తగిలింది. కాగితం మీద బ్రిటన్ 2020 జనవరి 31నే బయటికొచ్చినా, ఏడాది చివరిదాకా పాత నియమాలే నడిచాయి. ఆ తర్వాత మారింది మనవాళ్ళకి ఇలా చెబితే సులువుగా అర్థమవుతుంది. జీఎస్టీ రాకముందు హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్ళే దారిలో గరికపాడు చెక్‌పోస్టు దగ్గర లారీలు బారులు తీరి ఉండేవి గుర్తుందా? 2017లో జీఎస్టీ వచ్చి ఆ చెక్‌పోస్టులు తీసేశారు. యూరప్ సింగిల్ మార్కెట్ ఎప్పుడో అలా చెక్‌పోస్టులు తీసేసిన మార్కెట్. బ్రిటన్ తన చుట్టూ వాటిని మళ్ళీ కట్టించుకుంది.

"సున్నా సుంకం ఒప్పందం కుదిరింది కదా" అంటారు. 2020 డిసెంబరు 24న కుదిరింది, నిజమే. కానీ ఆ సున్నా బ్రిటన్‌లో తయారైన సరుక్కే. మేం ఇండియా నుంచి బియ్యం తెప్పించి, ఇక్కడ చిన్న సంచుల్లో నింపి, యూరోపియన్ యూనియన్‌లోనే ఉన్న ఐర్లండ్‌కి, డబ్లిన్ దుకాణాలకి పంపేవాళ్ళం. సంచి మార్చినంత మాత్రాన అది బ్రిటన్ బియ్యం అవదు. ఇక్కడికి దిగుమతి చేసుకున్నప్పుడు ఒకసారి సుంకం కట్టాం, ఐర్లండ్‌లో దిగగానే రెండోసారి కట్టాలి. ఇక్కడే తయారైన నెయ్యి, పనీర్ పంపాలంటే పశువైద్యుడు సంతకం చేసిన ఆరోగ్య ధ్రువపత్రం కావాలి, ఒక్కోదానికి వంద పౌండ్ల పైనే. ప్రతి వస్తువుకీ కస్టమ్స్ కోడ్ రాయాలి. ఇడ్లీ రవ్వకి ఏ కోడ్ వేయాలని ఒక మధ్యాహ్నమంతా ముగ్గురం తల పట్టుకుని కూర్చున్నాం.

మొదటి మూడు నెలలూ టెన్షన్‌తో సరిగా నిద్రపోలేదు. ఒకే లారీలో నలభై రకాల సరుకులుంటే, ఒక్కదాని కాగితం తప్పయినా లారీ మొత్తం ఆగిపోతుంది. పెద్ద కంపెనీలు ఐర్లండ్‌లోనో నెదర్లాండ్స్‌లోనో గోడౌన్లు తెరిచి బయటపడ్డాయి. మాకంత స్తోమత లేదు. ఏడాది తిరిగేసరికి ఐర్లండ్‌లో మా ఖాతాదారుల్లో చిన్న దుకాణాలన్నింటినీ వదులుకున్నాం. పది పెట్టెలు కొనే కొట్టు కోసం వంద పౌండ్ల కాగితం ఎవరు కడతారు? ఇంకో అన్యాయం కూడా ఉంది. యూరప్ మొదటి రోజు నుంచే బ్రిటన్ సరుకుని తనిఖీ చేసింది. బ్రిటన్ మాత్రం అటునుంచి వచ్చే ఆహార పదార్థాల తనిఖీని వాయిదా వేస్తూ వేస్తూ 2024లో మొదలుపెట్టింది. అటు పంపే చిన్న వ్యాపారి నలిగిపోతే, ఇటు పంపే యూరప్ వ్యాపారికి మూడేళ్ళు దారి తెరిచే ఉంది.

ఇది మా ఒక్క కంపెనీ కథ కాదు. ప్రభుత్వ బడ్జెట్‌కి అంచనాలు వేసే స్వతంత్ర సంస్థ ఓబీఆర్ లెక్క ప్రకారం, లోపలే ఉండి ఉంటే జరిగేదానికంటే దీర్ఘకాలంలో ఎగుమతులు, దిగుమతులు సుమారు 15 శాతం, దేశ ఉత్పాదకత సుమారు 4 శాతం తక్కువగా ఉంటాయి. 4 శాతమేగా అనిపిస్తుంది. కానీ అది ప్రతి ఏటా ఆసుపత్రులకీ, స్కూళ్ళకీ రావలసిన పన్నుల్లో తగ్గుతుంది. వారానికి 35 కోట్ల పౌండ్లు యూరప్‌కి పోతున్నాయి, వాటిని ఆరోగ్య సేవలకి ఇద్దామని ఎర్ర బస్సు మీద రాసుకుని, బయటికి రావాలని ప్రచారం చేస్తూ తిరిగినవాళ్ళు ఈ లెక్క మాత్రం చెప్పలేదు. లండన్ ఆర్థిక రంగం కూలిపోలేదు, సాఫ్ట్‌వేర్, కన్సల్టింగ్ లాంటి సేవల ఎగుమతులు బాగానే ఉన్నాయి. దెబ్బ తిన్నది పెట్టెల్లో పెట్టి పంపే సరుకు, అందులోనూ చిన్నవాళ్ళది.

రాజకీయాల్లో అయితే ఆ గాయం ఇంకా మానలేదు. అప్పటి ప్రధాని కామెరాన్ ఓటింగ్ మర్నాడే రాజీనామా ప్రకటించాడు. తర్వాత ప్రధాని అయిన థెరిసా మే యూరప్‌తో కుదుర్చుకుని తెచ్చిన ఒప్పందం 2019 జనవరిలో 230 ఓట్ల తేడాతో ఓడిపోయింది. ఇక్కడ ఏ ప్రభుత్వమూ పార్లమెంటులో అంత ఘోరంగా ఓడలేదు. ఆవిడ తర్వాతి ప్రధాని జాన్సన్ పార్లమెంటు సమావేశాలని కొన్ని వారాలు ఆపేస్తే, అది చట్టవిరుద్ధమని సుప్రీంకోర్టు చెప్పింది. 2016 నుంచి 2024 లోపు ఆరుగురు ప్రధానులు. అందరూ బ్రెక్సిట్ వల్లే పోలేదు గానీ, అప్పటి పాలక కన్జర్వేటివ్ పార్టీని లోపలినుంచి చీల్చింది మాత్రం అదే. స్కాట్లండ్ 62 శాతం లోపలే ఉందామన్నా బయటికి లాక్కొచ్చారని వాళ్ళ బాధ.

ఉత్తర ఐర్లండ్ సంగతి అన్నిటికంటే సున్నితం. 1998 శాంతి ఒప్పందం తర్వాత బ్రిటన్‌లో భాగమైన ఉత్తర ఐర్లండ్‌కీ, పక్కనున్న ఐర్లండ్ దేశానికీ మధ్య సరిహద్దు కనపడకుండా పోయింది. దాన్ని మళ్ళీ లేపకూడదని తనిఖీలను ఉత్తర ఐర్లండ్‌కీ మిగతా బ్రిటన్‌కీ మధ్యనున్న సముద్రం మీదికి జరిపారు. అంటే లెస్టర్ నుంచి ఉత్తర ఐర్లండ్‌లోని బెల్‌ఫాస్ట్‌కి, ఒకే దేశంలో, సరుకు పంపడానికి కస్టమ్స్ కాగితాలు! మొదటిసారి ఆ ఫారం నింపుతున్నప్పుడు పొరపాటేమోనని మేనేజర్‌ని పిలిచి అడిగాను. ఈ గొడవ మీదే అక్కడి ప్రభుత్వం 2022 ఫిబ్రవరి నుంచి రెండేళ్ళు నడవలేదు. 2023లో బ్రిటన్, యూరప్ మధ్య విండ్సర్ ఫ్రేంవర్క్ అనే కొత్త ఒప్పందం వచ్చాక కొంత తేలికయింది.

ఇక మనవాళ్ళ సంగతి. నా లెక్క కొంత నిజమైందని ఒప్పుకోవాలి. 2021 నుంచి యూరప్‌వాళ్ళకీ మనకీ ఒకే వీసా నియమాలు. ఉద్యోగ వీసాకి ఉండాల్సిన కనీస జీతం తగ్గించారు. చదువయ్యాక రెండేళ్ళు ఇక్కడే పనిచేసుకోనిచ్చే, 2012లో తీసేసిన పోస్ట్ స్టడీ వర్క్‌ని గ్రాడ్యుయేట్ రూట్ పేరుతో 2021 జులైలో మళ్ళీ తెచ్చారు. 2022 ఫిబ్రవరి నుంచి కేర్ వర్కర్లకీ, అంటే ముసలివాళ్ళనీ వికలాంగులనీ చూసుకునేవాళ్ళకీ, వీసాలిచ్చారు. లెస్టర్‌లో వినాయక చవితి పందిరి దగ్గర తెలుగు పిల్లలు రెండింతలయ్యారు. మా పిన్ని కూతురు 2023లో కేర్ వర్కర్‌గా, భర్తతో, బాబుతో వచ్చింది.

వలసలు తగ్గుతాయని ఓటేసిన ఇక్కడివాళ్ళకి మాత్రం ఇది మోసంగా కనిపించింది. 2016లో మూడు లక్షల పైచిలుకున్న నికర వలస, అంటే వచ్చినవాళ్ళలోంచి వెళ్ళినవాళ్ళని తీసేసిన లెక్క, 2023 మధ్య నాటికి ఏడాదికి తొమ్మిది లక్షలు దాటింది. ఆ కోపం ఎవరి మీద పడింది? మన మీదే. 2024 జనవరి నుంచి మాస్టర్స్ విద్యార్థులు చాలావరకు కుటుంబాన్ని తెచ్చుకోకూడదన్నారు, మార్చి నుంచి కొత్త కేర్ వర్కర్లు కూడా. ఏప్రిల్‌లో స్కిల్డ్ వర్కర్ వీసాకి కావలసిన కనీస జీతం 26,200 నుంచి 38,700 పౌండ్లకి ఎగబాకింది. 2025 జులైలో కేర్ వర్కర్లని విదేశాల నుంచి కొత్తగా తీసుకోవడమే ఆపేశారు. శాశ్వత నివాసానికి ఐదేళ్ళ గడువుని పదేళ్ళు చేస్తామని అదే ఏడాది మేలో ప్రతిపాదన పెట్టారు. ఆ పిన్ని కూతురు, మా చెల్లి, తనకి ఐదేళ్ళు నిండే 2028ని ఫ్రిజ్ మీద క్యాలెండర్‌లో రాసి చుట్టూ గీసిన గుండ్రం ఇంకా చెరపలేదు. మొన్న వెళ్తే, "అక్కా, ఇప్పుడు ఏ సంవత్సరానికి గీయాలి?" అంది.

అందుకని మీలో ఎవరైనా అప్పు చేసి ఇక్కడికి రావాలనుకుంటే, కన్సల్టెన్సీ చెప్పే పాత నియమాలు నమ్మకండి. ఏ నెలలో అప్లై చేస్తారో ఆ నెల నియమాలు ప్రభుత్వ వెబ్‌సైట్‌లో మీరే చదవండి.

పోలండ్ ఆవిడకి ఇక్కడే ఉండేందుకు సెటిల్డ్ స్టేటస్ వచ్చింది. అయినా 2021లో పిల్లల్ని తీసుకుని వెనక్కి వెళ్ళిపోయింది. ఆఖరి రోజు టీ తాగుతున్నప్పుడు నేనెటు ఓటేశానో చెప్పేశాను. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నన్ను ఆ రోజే ఒక్క మాట అడగాల్సింది" అంది. నేనది ఇప్పటికీ మర్చిపోలేదు.

మా అక్క డబ్లిన్‌లో ఉంటుంది. 2021 సంక్రాంతికి ఎప్పటిలాగే సున్నుండలు, కాచిన నెయ్యి ఒక సీసా కొరియర్‌లో పంపాను. బ్రిటన్ నుంచి పాల పదార్థాలు పార్సిల్‌లో పంపకూడదని స్టిక్కర్ అంటించి మూడు వారాలకి డబ్బా తిరిగొచ్చింది, సున్నుండలు పొడి పొడి అయిపోయి. 2025 మే 19న లండన్‌లో జరిగిన సమావేశంలో, ఆహార పదార్థాల తనిఖీలు చాలావరకు తీసేసే ఒప్పందం చేసుకుందామని బ్రిటన్, యూరప్ అంగీకరించాయి. మా ఆఫీసంతా దానికోసమే ఎదురుచూస్తోంది. అది అమల్లోకి వచ్చిన వారమే అక్కకి నెయ్యి సీసా పంపాలని, ఆ తిరిగొచ్చిన డబ్బా ఇంకా దాచి ఉంచాను.