భూకంప తరంగాలు రాతి పొరల్లో ఎందుకు వంగుతాయి? సమ్మెట కొట్టినవాడి జవాబు

"భూకంప తరంగాలు భూమిలో తిన్నగా పోకుండా వంగుతాయంటారు, లోపలికి వెళ్ళి చూసినవాళ్ళు లేరు కదా, ఎలా తెలిసింది?" అని అడిగారు. నేను పండితుణ్ని కాదు. డిగ్రీ అయ్యాక ఓ కాంట్రాక్టరు దగ్గర ఆర్నెల్లు సమ్మెట కొట్టానంతే. అయినా ఈ సంగతి నాకన్నా బాగా చెప్పేవాళ్ళు తక్కువేనని నా నమ్మకం.

నల్లగొండ వైపు ఓ చెక్‌డ్యాం కట్టాలి, గట్టి రాయి ఎంత లోతులో ఉందో చూడాలి. అయిదేసి మీటర్లకు ఒకటి చొప్పున 24 జియోఫోన్లు (నేల అదురును పట్టే పరికరాలు) నేలలో గుచ్చి, ఈ చివర ఇనప పలక మీద సమ్మెటతో కొట్టడం నా పని. పక్కన గేదె నడిచినా, దూరంగా ట్రాక్టరు పోయినా రికార్డు పాడయ్యేది. మళ్ళీ కొట్టు. మధ్యాహ్నానికి అరచేతులు బొబ్బలెక్కాయి.

మొదటి మూడు జియోఫోన్లకు దెబ్బ 10, 20, 30 మిల్లీసెకన్లలో అందింది. ఆ లెక్కన 120 మీటర్ల దూరంలో ఉన్న ఆఖరిదానికి 240 పట్టాలి. వచ్చింది దాదాపు 55! మిషను పోయిందనుకున్నాను.

పోలేదు. ఘట్‌కేసర్ నుంచి పటాన్‌చెరు పోయేవాడు సిటీలో దూరతాడా, ఔటర్ ఎక్కుతాడా? దూరం ఎక్కువైనా ఔటరే ముందు చేరుస్తుంది. (ఎక్కేచోట, దిగేచోట జామ్ సంగతి ఇప్పుడొద్దు.) ఇక్కడా అంతే. మట్టిలో సెకనుకు 500 మీటర్లు పోయే తరంగం దాదాపు నిలువుగా కిందికి దిగి, సెకనుకు 5,000 మీటర్లు పోనిచ్చే గ్రానైట్ తగలగానే వంగి, దాని పైఅంచు వెంట పరుగెత్తి, మళ్ళీ పైకొచ్చింది. మొహొరొవిచిచ్ అనే క్రొయేషియా శాస్త్రవేత్త 1909లో జాగ్రెబ్ దగ్గరి భూకంపం రికార్డుల్లో పట్టుకున్నదీ ఇదే. భూమి పైపెంకు ఎక్కడ ఆగుతుందో అలాగే తెలిసింది. 1970లలో మన శాస్త్రవేత్తలు కావలి నుంచి ఉడుపి దాకా బాంబులు పేల్చి చూసిందీ ఇదే పద్ధతి. ఆయనకు భూకంపం, వాళ్ళకు బాంబులు, నాకు సమ్మెట.

ఇంకో మాట. "సాంద్రత పెరిగితే వేగం పెరుగుతుంది" అని పిల్లలతో బట్టీ పట్టిస్తారు చూడండి, నాకు ఒళ్ళు మండుతుంది. వేగాన్నిచ్చేది రాయి బిగువు, బరువు కాదు. 2,900 కిలోమీటర్ల లోతున మొదలయ్యే బయటి కేంద్రకం, దాని మీదున్న రాతి పొరకన్నా ఎంతో బరువు. కానీ అది ద్రవం. అందులోకి దిగగానే పి తరంగం (ముందుగా అందే, నొక్కుతూ పోయే అల) సెకనుకు 13 కిలోమీటర్ల పైనుంచి 8కి పడిపోతుంది. అందుకే అంతదాకా విల్లులా పైకి వంగుతూ వచ్చినది అక్కడ కిందికి వంగుతుంది. ఎస్ తరంగమైతే (పక్కకు ఊపుతూ పోయే అల, ద్రవంలో సాగలేదు) అసలు దూరనే దూరదు.

 

మళ్ళీ మా చెక్‌డ్యాం దగ్గరికొస్తే, లెక్క ప్రకారం రాయి 8 మీటర్ల లోతులో ఉండాలి. బోరు వేస్తే 27 అడుగులకు తగిలింది. రెండు నెలల జీతమే నాకింకా తగల్లేదు.