పది నిమిషాలన్నావు, మరి పెరుగు మూట సంగతి?

అమ్మాయ్,

నువ్వు పంపిన రెసిపీ రెండుసార్లు చదివా, చేసి కూడా చూశా. డెజర్ట్ బానే వచ్చింది, రాతే ఇంకా కుదరలేదు. ఏమనుకోకు, పొగడ్తలు కావాలంటే మీ అమ్మకి పంపేదానివి, నాకు పంపావంటే తిట్లు కావాలనేగా.

ముందు హెడ్డింగ్. "పది నిమిషాల్లో చాక్లెట్ పెరుగు డెజర్ట్, ఓవెన్ అక్కర్లేదు" అన్నావు. ఓవెన్ మాట నిజమే. కానీ మూడో లైన్లో "గట్టి పెరుగు ఒక కప్పు" అని రాసి వదిలేశావు, ఆ గట్టి పెరుగు ఎక్కడ్నించి ఊడిపడుతుందే? అరకిలో పెరుగు పల్చటి గుడ్డలో మూటకట్టి, జల్లెడలో పెట్టి, కింద గిన్నె పెట్టి ఫ్రిజ్‌లో ఉంచితే తేట దిగడానికి తక్కువలో తక్కువ నాలుగైదు గంటలు, చివరికి మిగిలేది సగమో ఇంకాస్త తక్కువో. చేతిపని పది నిమిషాలే, మూట మాత్రం ముందురోజు రాత్రే కట్టుకోవాలి అని మొదటి లైన్లోనే చెప్పెయ్. సాయంత్రం చుట్టాలొస్తున్నారని నాలుగింటికి నీ రెసిపీ తీసినావిడ నిన్నేమంటుందో ఊహించుకో. నన్నైతే అన్నారు. కొత్తల్లో ఒక పత్రికకి నేనూ ఇలాగే "పెరుగు, 1 కప్పు" అని రాసి ఊరుకున్నా, ఒకావిడ ఇంట్లో తోడేసిన పెరుగు అలాగే కలిపేసి, "గ్లాసుల్లో పోసుకుని తాగామండీ" అని ఉత్తరం రాసింది. తప్పు ఆవిడది కాదు కదా.

ఇక అసలు చోటు. "కరిగిన చాక్లెట్‌లో పెరుగు వేసి బాగా కలపాలి" అన్నావు చూడు, అక్కడే సగంమందికి చెడిపోయేది, నువ్వేమో ఒక్క ముక్కలో దాటేశావు. నేను కావాలనే ఫ్రిజ్‌లోంచి తీసిన పెరుగు తీసినట్టే వేశా. కళ్ళముందే చాక్లెట్ సన్నటి పలుకులు కట్టేసింది, నోట్లో వేసుకుంటే ఇసక నమిలినట్టు. చాక్లెట్‌లో ఉండే కొవ్వు, అదే కోకో బటర్, మన ఒంటి వేడికే కరిగిపోయే రకం, చల్లటిది తగిలితే అంతే తొందరగా బిగుసుకుంటుంది. రెండోసారి పెరుగు అరగంట బయట పెట్టి, 100 గ్రాముల డార్క్ చాక్లెట్ ముక్కల మీద నాలుగు పెద్ద స్పూన్ల వేడి పాలు పోసి, నిమిషం ఆగి కలిపా. తడి చెంచాతో ముట్టుకున్నా ముద్దకట్టే చాక్లెట్, పాలు సరిపడా పడేసరికి అద్దంలా మెరుస్తూ జారింది. అది గోరువెచ్చగా అయ్యాక పెరుగు మూడు విడతలుగా, మొదటి విడత ఒక్క గరిటే. తెల్లచారలు పోయి ఒకటే రంగు రాగానే ఆపెయ్యాలి. ఇదిగో, ఇవి రాయి. "నోరూరించే", "అద్భుతమైన", "పిల్లలు లొట్టలేసుకుంటూ తినే" ఇవన్నీ కొట్టేశా, ఆ ఖాళీలో ఇవి పడతాయి.

చిన్నచిన్నవి కొన్ని. కప్పు అంటే ఏ కప్పు, మా ఇంట్లోనే నాలుగు సైజులున్నాయి, గ్రాములు పెట్టు. కిరాణా షాపులో చవగ్గా దొరికే కాంపౌండ్ చాక్లెట్‌తో, అంటే కోకో బటర్ బదులు వేరే కొవ్వు వేసి చేసినదాంతో, చేస్తే గట్టిపడుతుంది కానీ అంగిలికి మైనంలా అంటుకుంటుంది, ఆ మాట దాచకు. పెరుగు పుల్లగా ఉంటే ఎంత పంచదార పొడి వేసినా పులుపు బయటికొస్తుంది, మే నెలలో అయితే మరీనూ, తోడుకున్న వెంటనే ఫ్రిజ్‌లో పెట్టమను. చిటికెడు ఉప్పు మర్చిపోయావు. ఫ్రిజ్‌లో రెండు గంటలన్నావు, అది కరెక్టే.

నీ రెసిపీలో నాకు నచ్చిన లైన్ ఒకటుంది, "పై పొర మీద వేలు పెడితే ముద్ర పడాలి, వేలికి అంటకూడదు" అన్నది. అది ఎవరూ నేర్పకుండా నీ కంటితో చూసి రాశావు. దాన్ని మాత్రం మార్చకు.

తేట పారబొయ్యకు, చపాతీ పిండిలో కలిపితే మెత్తగా వస్తాయి, అది కూడా ఒక లైన్లో పెట్టెయ్. మళ్ళీ రాసి ఆదివారం లోపు పంపు, ఈసారి పాలు పోసి చేశాకే రాయి.

మీ పిన్ని